ఏపీ 24 నంబరు బండి: పాత డీజిల్ ఎస్‌యూవీ ఇంజిన్‌పై మూడేళ్ల సమీక్ష

2022 డిసెంబరులో నల్లగొండలో నేను ఒక పాత ఎస్‌యూవీ కొన్నాను. 2012 మోడల్, ఏడు సీట్లు, రెండు లీటర్లకు పైబడిన నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్. తెలంగాణ వచ్చాక నల్లగొండ బండ్లకు టీఎస్ 05, ఆ తర్వాత 2024లో టీజీ 05 వచ్చినా, దీని పలక మీద మాత్రం ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ 24 అలాగే ఉంది. కొన్న రోజున మీటరు 1,38,000 కిలోమీటర్లు చూపింది. నేను చెల్లించిన ధర 4,10,000 రూపాయలు. ఇప్పుడు మీటరు 1,86,000 దాటింది. వారానికి రెండుసార్లు దేవరకొండ వైపున్న మా బత్తాయి తోటకు, నెలకు రెండు మూడుసార్లు హైదరాబాదుకు, ఏడాదికోసారి శ్రీశైలానికి వెళ్లడం దీని పని. సీట్లు, ఏసీ, సస్పెన్షన్ గురించి ఇక్కడ రాయబోవడం లేదు. పదేళ్లు దాటిన డీజిల్ బండి కొనేవాళ్లు అందరూ భయపడేది ఇంజిన్ గురించే కాబట్టి, ఈ సమీక్షను ఇంజిన్‌కే పరిమితం చేస్తున్నాను.

బండి కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ మూడేళ్లలో నేను మెకానిక్ షెడ్డులో కూర్చున్న గంటలు తక్కువేమీ కావు. నా బండి పక్కన బానెట్ ఎత్తి నిలబెట్టిన వేర్వేరు కంపెనీల బండ్లకు కూడా అటూ ఇటుగా ఇవే జబ్బులు కనిపించాయి. పది పన్నెండేళ్లు నడిచిన టర్బో డీజిల్‌కు వచ్చే రోగాలలో కంపెనీ వాటా కంటే వయసు వాటా, అంతకుముందు వాడినవాళ్ల నిర్లక్ష్యం వాటా ఎక్కువ. నా తీర్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను: ఇంజిన్‌లోని ఇనుము గట్టిది, బ్లాకు, క్రాంకు, పిస్టన్లు ఇప్పటికీ విప్పాల్సిన అవసరం రాలేదు. చెడిపోయినవి చాలావరకు ఆ ఇనుము చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్, రాగి వాషర్లు, వాటి గుండా పారే నీళ్లు, నూనె, గాలి. వాటిని చూసుకోకపోతే చివరికి దెబ్బ తినేది మాత్రం ఆ ఇనుమే.

కొనేటప్పుడు నేను చేసిన తప్పుతో మొదలుపెట్టడం న్యాయం. బండి పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఉంది. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు, వెళ్లాను. బానెట్ కింద అంతా నీళ్లతో కడిగి, పైపులకు పాలిష్ కొట్టి, అద్దంలా మెరిపించారు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టు అయింది, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంజిన్ మీద చెయ్యి పెడితే అప్పటికే వెచ్చగా ఉందన్న సంగతి నేను గమనించాను కానీ, దాని అర్థం ఏమిటో ఆలోచించలేదు. పాత డీజిల్ ఇంజిన్ తన రోగాన్ని దాచుకోలేని సమయం ఒక్కటే, రాత్రంతా ఆపి ఉంచాక తెల్లవారి చేసే మొదటి స్టార్టు. వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైను సాగి ఉంటే ఆ రెండు మూడు సెకన్లే గలగలమంటుంది, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు కారుతుంటే అప్పుడే సెల్ఫ్ ఎక్కువసేపు తిరుగుతుంది, వాల్వు సీళ్లు పోయి ఉంటే నీలి పొగ అప్పుడే ఒక్కసారి గుప్పున వస్తుంది. ఇంజిన్ వేడెక్కిందంటే ఇవన్నీ సర్దుకుంటాయి. అలాగే కడిగిన ఇంజిన్ శుభ్రమైన ఇంజిన్ అనుకోవడం పొరపాటు; దుమ్ము పట్టిన ఇంజిన్ మీదే ఎక్కడ నూనె చెమ్మ ఉందో, ఎక్కడ ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు, అంటే కూలెంటు, కారి తెల్లగా, పచ్చగా ఎండిందో కనిపిస్తుంది. ఇప్పుడు ఎవరైనా నన్ను బండి చూడటానికి తోడు రమ్మంటే, ఉదయం ఆరు గంటలకు, ఇంజిన్ కడగకుండా, స్టార్టు చేయకుండా ఉంచమని ముందే ఫోన్ చేయిస్తున్నాను. ఆ మాట వినగానే బండి అమ్ముడుపోయిందని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

మొదటి దెబ్బ 2023 మే నెలలో తగిలింది. నల్లగొండ ఎండల సంగతి చెప్పనక్కరలేదు, మే నెలలో 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. కొండమల్లేపల్లి దాటి దేవరకొండ వైపు వెళుతుండగా ఏసీ గాలి వేడిగా రావడం మొదలైంది. వేడిమి ముల్లు ఎర్ర గీత దాకా ఎగబాకి, నేను బండి పక్కకు తీసేలోపే మళ్లీ మామూలు స్థాయికి దిగింది. దిగింది కదా అని నేను ఇంకో రెండు కిలోమీటర్లు నడిపాను. ఈ మొత్తం సమీక్షలో పాఠకులు ఒక్క ముక్కే గుర్తుంచుకోదలిస్తే అది ఈ ముల్లు సంగతే అయ్యుండాలి. వేడిని కొలిచే సెన్సరు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు పూర్తిగా పోయాక అది ఖాళీ గాలిలోనో, ఆవిరిలోనో మిగిలిపోతుంది. అప్పుడు ఇంజిన్ పైభాగమైన హెడ్ కాలిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి దిగిందంటే ఇంజిన్ చల్లబడిందని కాదు, నీళ్లు అయిపోయాయేమోనని అనుమానించి ఆ క్షణమే ఆపేయాలి. ఆపిన వెంటనే రేడియేటరు మూత తిప్పకూడదన్నది అందరికీ తెలిసిందే. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే లోపలి కూలెంటు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, తెరిచిన మరుక్షణం అంతా ఆవిరై ముఖం మీదికి లేస్తుంది.

బండిని లారీ మీద నల్లగొండ షెడ్డుకు చేర్చాను. అక్కడి ఉస్తాద్, అంటే పెద్ద మెకానిక్, అరవై దాటిన మనిషి, మాట పొదుపు. రేడియేటరు ఊడదీసి, పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం అంచుతో కలిసే చోట వెంట్రుక మందం పగులు చూపించాడు. తర్వాత పైపులో వేలు పెట్టి తీసి, వేలికి అంటిన తెల్లటి గారను నా ముందు పెట్టాడు.

“ఇంజన్ మంచిగనే ఉన్నది సారూ. నీళ్లే మంచిగ లెవ్వు. ఇండ్ల బోరు నీళ్లు పోసుకుంట వచ్చిండ్రు,” అన్నాడు.

“నేను కొన్నాక ఒక్కసారి కూడా పోయలేదు ఉస్తాద్.”

“నువ్వు పోయకుంటే నీకు ముందటాయన పోసిండు. గీ గార ఆర్నెల్లది గాదు.”

నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు మనుషుల ఎముకలకు ఆ ఫ్లోరైడ్ చేసిన చేటు వేరే కథ, దాన్ని రేడియేటరు బాధతో పోల్చడం కూడా తప్పే. రేడియేటరును చంపేది నీటిలో కరిగి ఉండే సున్నం, మెగ్నీషియం లవణాలు, ఉప్పు. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున ఏది గారకడుతుందో, అదే ఇంజిన్ లోపలి నీటి దారుల్లోనూ కడుతుంది. అక్కడ గోడల వేడి ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. కూలెంటులో ఉండే తుప్పు నిరోధక మందులు కూడా బోరు నీళ్లతో పలుచనై పనికిరాకుండా పోతాయి, అప్పుడు అల్యూమినియం తినబడటం మొదలవుతుంది. మంచి కూలెంటు అంటే గ్లైకాల్, స్వేదన జలం సగం సగం. బ్యాటరీల దుకాణంలో దొరికే నీళ్ల డబ్బా ధర ఎంతో అందరికీ తెలుసు. ఆ కొద్ది రూపాయలు మిగుల్చుకున్న పాత యజమాని పొదుపుకు నేను 52,000 రూపాయలు కట్టాను.

ఆ 52,000లో ఏమేమి ఉన్నాయో చెప్పాలి. నేను అదనంగా నడిపిన రెండు కిలోమీటర్లలో హెడ్ వంగింది. ఈ తరహా ఇంజిన్లలో కింది బ్లాకు ఇనుముది, పైన హెడ్ అల్యూమినియంది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. మామూలు వేడిలో ఆ తేడాను రెండింటి మధ్య బిగించిన పలుచటి సీలు, అంటే గ్యాస్కెట్, భరిస్తుంది, మితిమీరితే హెడ్ విల్లులా వంగి గ్యాస్కెట్ పట్టు వదులుతుంది. అప్పుడు సిలిండర్‌లోని మంట ఒత్తిడి నీటి దారిలోకి దూరుతుంది. స్టార్టు చేసిన వెంటనే కూలెంటు డబ్బాలో బుడగలు రావడం, రాత్రంతా నిలిపిన బండికి ఉదయం కూడా రేడియేటరు పై గొట్టం గట్టిగా బిగిసి ఉండటం, తీపి వాసనతో తెల్ల పొగ, డిప్‌స్టిక్ మీద నూనె పాలు కలిపిన చాయలా మారడం, ఇవీ గుర్తులు. నా బండిలో మొదటి రెండూ కనిపించాయి. నూనెలో నీళ్లు ఇంకా కలవలేదు. కలిసి ఉంటే క్రాంకు బేరింగులు కూడా పోయేవి, ఈ సమీక్ష వేరేలా ఉండేది. హెడ్ విప్పి, లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ చేయించి, అంటే అడుగును చదును చేయించి, పగుళ్లు లేవని ఒత్తిడి పరీక్ష చేయించి, కొత్త గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు, వాటర్ పంపు, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాట్, కొత్త రేడియేటరు వేశారు. పాత బోల్టులే మళ్లీ బిగిస్తే మూడు వేలు మిగులుతాయని షెడ్డులో ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. ఈ బోల్టులు బిగించేటప్పుడు కొద్దిగా సాగేలా తయారు చేసినవి, ఒకసారి సాగినవి మళ్లీ అంత పట్టు ఇవ్వవు. ఉస్తాద్ ఆ కుర్రాడిని చూసిన చూపుతోనే చర్చ ముగిసింది.

ఇంకొక దారి కూడా ఆ రోజుల్లో విన్నాను: థర్మోస్టాట్ తీసేసి నడిపితే బండి వేడెక్కదని. మన ప్రాంతంలో చాలా పాత బండ్లకు ఇది చేసే ఉంటారు. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ తన పని వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి పెరుగుతుంది. పైగా అసలు రోగం ఎండాకాలం దాకా దాగి ఉంటుంది. కొనేటప్పుడు పది నిమిషాలు నడిపినా ముల్లు అడుగు నుంచి లేవకపోతే అనుమానించడం మంచిది.

హెడ్ పని అయ్యాక సమస్య తీరిందనుకున్నాను కానీ, వెయ్యి కిలోమీటర్లకు ఒక వేలెడు చొప్పున కూలెంటు తగ్గుతూనే వచ్చింది. కింద చుక్క పడదు, గొట్టాలు పొడిగా ఉన్నాయి, బుడగలు లేవు. మళ్లీ హెడ్ విప్పాల్సిందేనని ఇంకో షెడ్డులో అన్నారు. మా ఉస్తాద్ మాత్రం ఈజీఆర్ కూలర్‌ను విప్పి, దాని నీటి దారికి గాలి ఒత్తిడి పెట్టి, బకెట్టు నీళ్లలో ముంచాడు. సైకిల్ ట్యూబు పంచరు చూసినట్టే. బుడగలు వచ్చాయి. ఇంజిన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ లోపలికి పంపి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే ఏర్పాటు ఈ ఈజీఆర్. చల్లబరిచేది కూలెంటే కాబట్టి, ఆ చిన్న పెట్టె లోపల తుప్పు రంధ్రం పడితే కూలెంటు నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి ఆవిరై పోతుంది, బయట ఆనవాలే ఉండదు. కొత్తదానికి 14,000 అయింది. అకారణంగా హెడ్ రెండోసారి విప్పించుకున్న బండ్లు ఎన్ని ఉంటాయో అని అప్పటి నుంచి అనుకుంటూ ఉంటాను.

ఈజీఆర్ వల్ల వచ్చే రెండో బాధ మసి. పొగలోని మసి, క్రాంకు గది నుంచి వచ్చే నూనె ఆవిరి కలిసి ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ దారిలో తారులా పేరుకుంటాయి. ఊళ్లో తిరిగే బండ్లకు ఇది ఎక్కువ. నాది హైదరాబాదు హైవే మీద తరచూ నడుస్తుంది కాబట్టి ఒక్కసారి శుభ్రం చేయిస్తే సరిపోయింది. కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బీఎస్-6 బండ్లకు ఉండే డీపీఎఫ్ అనే మసి జల్లెడ దీనికి లేకపోవడం పాత బండికి ఉన్న ఒక సుఖం. చెడిపోవడానికి ఒక వస్తువు తక్కువ.

టర్బో కథ నల్లమలలో నడిచింది. 2024 శివరాత్రి తర్వాతి వారం కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాము. దేవరకొండ, డిండి, హాజీపూర్ దాకా బండి హాయిగా నడిచింది. మన్ననూరు దాటి ఘాట్ ఎక్కుతుండగా ‘టప్’ మన్న చప్పుడు, వెంటనే పాము బుసలాంటి శబ్దం, అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ. పికప్ పూర్తిగా పోయింది. మూడో గేరులో ఎక్కే మలుపు మొదటి గేరులో ఎక్కింది. ఆ దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, రాత్రి తొమ్మిది దాటితే అటవీ శాఖ గేటు మూసేస్తుంది. వెనక్కి తిప్పి మన్ననూరు చేరి బానెట్ ఎత్తితే, టర్బో నుంచి, అది ఊదే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అరచెయ్యంత చీలి ఉంది. టర్బో ఊదిన గాలి బయటికే పోతోంది, ఇంజిన్‌కు చాలినంత గాలి అందక డీజిల్ సగం కాలి నల్ల పొగగా వస్తోంది. పంచరు దుకాణంలో పాత ట్యూబు ముక్క అడిగి, గొట్టం చుట్టూ బిగించి చుట్టి, రెండు క్లిప్పులు వేయించుకుని నెమ్మదిగా ఇంటికొచ్చాము. గొట్టం 3,800 రూపాయలు. పన్నెండేళ్ల రబ్బరు పగలడంలో ఆశ్చర్యం లేదు. పాత బండి కొన్నవాళ్లు మొదటి నెలలోనే రబ్బరు గొట్టాలన్నీ ఒకేసారి మార్చుకోవాలన్న బుద్ధి నాకు మన్ననూరులో వచ్చింది.

అసలు చెప్పాల్సింది ఆ గొట్టం లోపల కనిపించిన నూనె గురించి. కొద్దిపాటి తడి మామూలే, ఇది గొట్టం అడుగున చెంచాడు నిలిచింది. టర్బోలోని చక్రాలు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతాయి. వాటి ఇరుసును మోసేది పలుచటి నూనె పొర తప్ప ఇంకేదీ కాదు. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండిలో ఆ నూనె చిక్కబడి, సన్నటి నూనె గొట్టం పూడుకుపోయి, ఇరుసు అరిగి ఊగడం మొదలుపెడుతుంది. ఉస్తాద్ ఇరుసును వేలితో పట్టి అటూ ఇటూ కదిపి చూపించాడు. చక్రం అంచు గోడను తాకిన గీత కూడా కనిపించింది. అలా వదిలేస్తే జరిగేది పికప్ తగ్గడం ఒక్కటే కాదు. సీలు పూర్తిగా పోతే ఇంజిన్ నూనె టర్బో గుండా ఇన్‌టేక్‌లోకి వెళ్తుంది. డీజిల్ ఇంజిన్ ఆ నూనెను కూడా ఇంధనంగా కాల్చుకోగలదు. అప్పుడు తాళం తీసినా ఇంజిన్ ఆగదు, దానంతట అదే రేజై, నూనె అయిపోయి బిగుసుకుపోయే దాకా అరుస్తుంది. అలాంటి స్థితిలో మాన్యువల్ బండికి ఉన్న ఉపాయం, బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపేయడమే. బానెట్ ఎత్తి దగ్గరికి పోవడం ప్రమాదం. నా బండికి టర్బో లోపలి ఇరుసు, చక్రాలు ఉండే కార్ట్రిడ్జ్ మార్పించి, నూనె గొట్టం కొత్తది వేయించడానికి 24,000 అయింది. పాత నూనె గొట్టమే ఉంచి కొత్త టర్బో వేస్తే అది కూడా కొన్ని నెలలకే పోతుందని ఉస్తాద్ ముందే చెప్పాడు. ఘాట్ ఎక్కాక, హైవే మీద వేగంగా వచ్చాక, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

ఘాట్ అన్నాను కాబట్టి ఇంకొక మాట. ఈగలపెంట దాటాక కృష్ణా వైపు దిగే మలుపుల్లో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారవిడిచే డ్రైవర్లను ఇప్పటికీ చూస్తున్నాను. డీజిల్ బండి బ్రేకు బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్‌ను ఇంజిన్ తిప్పే ఒక పంపు తయారు చేస్తుంది. ఇంజిన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా వాక్యూమ్ మిగులుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. పాత బండిలో ఆ పంపు కూడా అరిగి ఉండవచ్చు. ఇంజిన్ నడుస్తుండగానే బ్రేకు పెడల్ గట్టిగా అనిపిస్తే మొదట చూడాల్సింది దాన్నే.

ఇంజెక్టర్ల విషయంలో నా అనుభవం అంత నాటకీయమైనది కాదు కానీ, జేబుకు తెలిసింది. 2024 చలికాలంలో ఉదయం సెల్ఫ్ నాలుగైదు సెకన్లు తిరిగితే గానీ స్టార్టు కాలేదు. బ్యాటరీ మార్చమన్నారు, మార్చాను, మారలేదు. చలిలో సిలిండర్లను వెచ్చబరిచే గ్లో ప్లగ్గులన్నారు, మన నల్లగొండ చలికి వాటిని అనుమానించడం అంత సమంజసం కాదని నాకే అనిపించింది. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌లో డీజిల్ సుమారు 1,600 బార్ల ఒత్తిడి దాకా వెళ్తుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ. అంత ఒత్తిడిని పట్టే ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య సందు తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. డీజిల్‌లో నీళ్లు, ధూళి ఉంటే ఆ సందు అరిగి, డీజిల్ సిలిండర్‌లోకి పోకుండా రిటర్న్ గొట్టంలోకి కారిపోతుంది, స్టార్టు కావడానికి కావలసిన ఒత్తిడి పెరగదు. దీనికి పరీక్ష చాలా సులువు: నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలను నాలుగు చిన్న సీసాల్లో పెట్టి, ఇంజిన్‌ను కాసేపు నడపాలి. నా బండిలో మూడు సీసాలు వేలెడు నిండగా, మూడో సిలిండర్ సీసా గొంతు దాకా నిండింది. ఒకదాన్ని మార్చి, మిగిలిన మూడింటిని బెంచి మీద పరీక్షించి, అన్నింటికీ రాగి వాషర్లు కొత్తవి వేయడానికి 22,000 అయింది. స్కానర్ పెట్టి నాలుగూ మార్చాలని చెప్పిన చోట అడిగింది దీనికి రెండింతలకు పైనే. స్కానర్ ఆ ఉమ్మడి గొట్టంలో ఒత్తిడి తక్కువగా ఉందని చెప్పగలదు, ఎందుకు తక్కువగా ఉందో సీసాలే చెప్పాయి.

ఆ వాషర్లు చిన్న వస్తువులే, కానీ వాటి నిర్లక్ష్యం ఖరీదైనది. వాషరు పట్టు వదిలితే సిలిండర్‌లోని మంట ఇంజెక్టరు పక్క నుంచి ‘చుఫ్ చుఫ్’ అంటూ బయటికొచ్చి, ఇంజెక్టరు చుట్టూ నల్లటి తారు గడ్డకడుతుంది. కొన్నేళ్లు అలా వదిలేస్తే ఇంజెక్టరు హెడ్‌లోనే అతుక్కుపోతుంది, దాన్ని లాగడానికి హెడ్ మళ్లీ లేత్‌కు వెళ్లాలి. బండి కొనేటప్పుడు పైనున్న ప్లాస్టిక్ కవరు తీయించి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీటిని నెలకోసారి వదిలించడం కూడా అప్పటి నుంచి నేనే చేస్తున్నాను. వర్షాకాలంలో ఒకసారి అర గ్లాసు నీళ్లు వచ్చాయి.

టైమింగ్ చైను 1,71,000 కిలోమీటర్ల దగ్గర మార్చాము. చైను జీవితాంతం ఉంటుందన్న మాట చాలామంది నమ్ముతారు. అది తెగకపోవచ్చు కానీ సాగుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనరు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది కాబట్టి పాత ఆయిల్ దాన్నీ దెబ్బ తీస్తుంది. చైను పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, అప్పుడు ఇంజిన్ దింపక తప్పదు. చైనుకు బదులు బెల్టు ఉండే ఇంజిన్లకైతే చప్పుడు కూడా రాదు, ముందు హెచ్చరిక లేకుండా తెగుతుంది. పాత బండికి బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనుకుని మార్చుకోవడమే మేలు. నాకు గలగల మొదలైన నెలలోపే చేయించాను, 26,000.

మిగిలినవి చిన్నవి. ఒక క్రాంకు సెన్సరు వేడెక్కినప్పుడల్లా ఇంజిన్‌ను ఆపేసి, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టు కానిచ్చింది. తోటలో రెండు వారాలు నిలిపినప్పుడు ఎలుకలు వైరింగు కొరికాయి. పత్తి దూది, గడ్డి పోచలు ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య దట్టంగా ఇరుక్కోవడం మన పల్లె దారుల ప్రత్యేకత, ఏడాదికోసారి వెనక నుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగాలి. వీటికి పెద్దగా ఖర్చు కాలేదు. ఆయిల్ మాత్రం కంపెనీ పుస్తకం చెప్పిన దూరానికి ముందే, ప్రతి 7,000 కిలోమీటర్లకు మారుస్తున్నాను. మార్పుకూ మార్పుకూ మధ్య డిప్‌స్టిక్ మీద తగ్గేది సగం గీత లోపే, కాబట్టి పిస్టన్ రింగులు ఇంకా బాగానే ఉన్నాయని నమ్మకం.

మామూలు సర్వీసులు వదిలేసి పెద్ద మరమ్మతులు మాత్రమే లెక్కేస్తే 1,41,800 రూపాయలు, అంటే కొన్న ధరలో మూడో వంతుకు పైనే. నడిచిన 48,000 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు దాదాపు మూడు రూపాయలు. ఇంత ఖర్చయ్యాక బండి ఇప్పుడు తెల్లవారి ఒక్క సెల్ఫ్‌కు స్టార్టు అవుతుంది, మే ఎండలో ఏసీ వేసుకుని హైదరాబాదు వెళ్లినా ముల్లు సగం దాటదు, హైవే మీద లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తుంది. ఇంత బరువైన బండికి, ఏడుగురు కూర్చుని తోట బాట మీద కూడా నడిచేదానికి, ఇది నాకు సమ్మతమే. రోజూ ఊళ్లో పది కిలోమీటర్లు తిరగడానికి మాత్రం పాత డీజిల్ ఎస్‌యూవీ వద్దని గట్టిగా చెబుతాను. ఆ వాడకంలో ఈజీఆర్, టర్బో, ఇంజెక్టర్లు అన్నీ మసితోనే ముగుస్తాయి.

2027లో దీనికి పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి, హరిత పన్ను కట్టి, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. కింది ఇంజిన్ ఇలాగే ఉంటే పొడిగిస్తాను. క్రాంకు బేరింగు చప్పుడు మొదలైతే మాత్రం ఇంజిన్ దింపించను, ఉన్నదున్నట్టు అమ్మేస్తాను, కొనేవారికి చప్పుడు వినిపించే అమ్ముతాను. ఇక ధర విషయానికొస్తే, నేను ఇచ్చిన 4,10,000లోంచి ఈ మరమ్మతులు తీసేస్తే 2,68,200 మిగులుతుంది. ఆ డిసెంబరు మధ్యాహ్నం కన్సల్టెన్సీ ముందు మెరుస్తూ నిలబడిన బండి అసలు ధర అదీ.